దూరం పాఠం మాకు చెప్తరా?

ఇంగ్లీషు ఎం.ఎ. చదివే పిల్లలకు యూనివర్సిటీలలో 'ఇంటర్‌కల్చరల్ కమ్యూనికేషన్' అని ఒక పాఠం చెప్తున్నరు. పరాయి సంస్కృతి మనుషులతో ఎట్ల మాట్లాడాలె, ఎట్ల మెలగాలె అనే విద్య. మంచిదే, నేర్వద్దని మేము అనం. ఆ విద్య ఎవరికి తక్కువైంది అన్నకాడనే మా పేచీ.

మా మోస్రా దిక్కు వాడ నుంచి పోయిన పిల్ల ఒకతి సెమినార్ల నోరు తెరిచింది. మా యాస ఇంగ్లీషుల కూడ వినవడ్డదని వెనక బెంచి పకపక నవ్వింది. సారు ఆ పిల్లకే రాసిండు: 'కమ్యూనికేషన్ స్కిల్స్ తక్కువ'. నవ్వినోళ్లకు ఏం తక్కువని రాసిండు? ఏమీ లేదు!

ఈ విద్యకు బాట వేసినోడు అమెరికా దౌత్య ఉద్యోగులకు పాఠాలు చెప్పిన ఎడ్వర్డ్ హాల్. మనిషికీ మనిషికీ నడుమ విడిచే జాగ కూడా మాట్లాడుతుందని 1959లో 'ది సైలెంట్ లాంగ్వేజ్' పుస్తకంలో రాసిండు. ఆ సంగతి మా తాతలు బడి మెట్టు ఎక్కకుండనే నేర్చిన్రు. గడీ ముందట చెప్పులు చేతబట్టి నిలబడ్డ దూరం, బావికి ఇవతల ఖాళీ కుండతో నిలబడ్డ దూరం, హోటల్ల వేరే గ్లాసు దూరం. దూరం పెట్టినోడికి కదా పాఠం కావాల్సింది?

బోధన్ చెరుకు తోటల్ల కూలికి పోయిన మా తల్లులు తెలుగు, మరాఠీ, ఉర్దూ, ఎవరితో వాళ్ల మాట మాట్లాడిన్రు. గల్ఫ్ క్యాంపుల్ల మా అన్నలు మలయాళీలతో, బంగ్లాదేశీలతో కలిసి బతుకుతున్నరు. దీనికి ఏ యూనివర్సిటీ మార్కులు వేసింది?

ఇంగ్లీషు వస్తే అన్నీ తీరుతయంటరా? బాబాసాహెబ్ అంబేద్కర్ 1913లో న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీకి పోయిండు. తర్వాత లండన్ల చదివిండు. 1917లో బరోడా కొలువుకు వస్తే ఉండటానికి గది దొరకలేదు. ఆయనకు ఇంగ్లీషు తక్కువైందా?

ఇంగ్లీషు మాకు కావాలె, నిండుగ కావాలె. అయితే జపానోడికి ఎట్ల వంగి దండం పెట్టాలనో చెప్పే పాఠంలనే, ఊరికీ వాడకూ నడుమ మాట ఎట్ల తెగిందో కూడా చెప్పాలె. యాసకు నవ్వినోడికి మార్కులు తగ్గాలె.

కార్యకర్తలారా! సెలవులకు వచ్చిన పిల్లలను కూసోబెట్టి అడగండి: తరగతిల ఎవరు నవ్విన్రు, ఎవరు నోరు మూసుకున్నరు? రాసుకోండి. ఆ కాగితాలు పట్టుకొని యూనివర్సిటీ గేటు కాడికి పోదాం. అప్పుడు వాళ్ల కమ్యూనికేషన్ ఎంతనో మనం చూద్దాం.