గాలిని చీల్చినవాళ్ల లెక్క

ఆదివారం పొద్దున మా అనంతగిరి గుట్టల రోడ్డెక్కితే హైదరాబాదు నుంచి వచ్చిన సైకిళ్ల వాళ్లు కనిపిస్తారు. ఒకరి వెనక ఒకరు, చక్రానికి చక్రం తగులుతుందేమో అన్నంత దగ్గరగా తొక్కుతుంటారు. ముందున్న మనిషి గాలిని చీల్చుకుంటూ పోతే వెనకున్న మనిషికి శ్రమ తగ్గుతుంది. దాదాపు మూడో వంతు శక్తి మిగులుతుందట. పెద్ద పెద్ద సైకిల్ పందేలన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

"అంత ప్రతిభ ఉంది గానీ గెలవాల్సినంత గెలవలేదు" అని తేల్చెయ్యడం మనకు బాగా అలవాటు. పి.వి. సింధు 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో, తర్వాత 2017, 2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనళ్లలో ఓడిపోయినప్పుడు కూడా ఇదే మాట అన్నారు. 2019లో బాసెల్‌లో 21-7, 21-7తో గెలిచాక అన్న నోళ్లే మెచ్చుకున్నాయి. ఏదేమైనా సింధు కోర్టులో ఆడింది తన ఆట. గెలుపైనా ఓటమైనా ఆమె పేరు మీదే పడింది. సైకిల్ పందెంలో కొందరికి ఆ మాత్రం కూడా దక్కదు.

టూర్ డి ఫ్రాన్స్ మూడు వారాల పందెం. ఇప్పుడు జట్టుకు ఎనిమిది మంది. మామూలుగా వాళ్లలో ఒక్కరినే నాయకుడిగా ఎంచుకుంటారు. మిగతావాళ్లు అతనికి నీళ్ల సీసాలు మోసుకొస్తారు, ఎదురుగాలికి అడ్డంగా నిలబడతారు, అతని చక్రం పాడైతే తమది ఊడదీసి ఇస్తారు. ఫ్రెంచి వాళ్లు వీళ్లను డొమెస్టీక్ అంటారు. అంటే ఇంటి పనివాళ్లని అర్థం. మన వంటింటి గ్యాస్‌ను డొమెస్టిక్ గ్యాస్ అంటాం చూడండి, ఆ మాటకు ఇది తోబుట్టువే.

1934లో రెనే వియెట్టో అనే ఇరవై ఏళ్ల కుర్రాడు ఆ టూర్‌లో నాలుగు స్టేజీలు గెలిచాడు. కొండలెక్కడంలో అతనే మొదటివాడు. కానీ నాయకుడు ఆంటోనిన్ మాన్య్ దారిలో పడిపోతే తన చక్రం ఇచ్చేసి, వేరే చక్రం వచ్చేదాకా రోడ్డు పక్క గోడ మీద కూర్చుని ఏడ్చాడు. ఆ ఫోటో చాలా పేరు పొందింది. ఆ ఏడు టూర్ మాన్య్ గెలిచాడు. వియెట్టోది ఐదో స్థానం. ఆ తర్వాత కూడా అతను ఎన్నడూ టూర్ గెలవలేదు.

2012లో క్రిస్ ఫ్రూమ్‌దీ దాదాపు అదే పరిస్థితి. కొండ మీద నాయకుడు విగ్గిన్స్‌ను దాటి ముందుకు పోయి, మళ్లీ అతని కోసం ఆగాడు. విగ్గిన్స్ మొదట, ఫ్రూమ్ రెండోవాడు. కానీ మరుసటి ఏడు జట్టు ఫ్రూమ్‌నే నాయకుణ్ణి చేసింది. 2013లో గెలిచాడు, ఆ తర్వాత ఇంకో మూడుసార్లు గెలిచాడు.

వియెట్టోకు కన్నీళ్ల ఫోటో మిగిలింది, ఫ్రూమ్‌కు వంతు వచ్చింది. ప్రతిభ ఇద్దరికీ ఉంది.

ఇక మన ఇళ్ల సంగతికొద్దాం. తాండూరులో బండల పాలిషింగ్ పనికి పోయే తండ్రి, ఇద్దరు పిల్లలు అనుకోండి. ఇద్దరూ బాగానే చదువుతారు. తమ్ముడి కోచింగ్‌కు హైదరాబాదులో ఫీజు కట్టాలి కాబట్టి అక్క బీఈడీ ఆగిపోతుంది. ఆమె ఏదో ప్రైవేటు బడిలో చేరి జీతం ఇంట్లో ఇస్తుంది. తమ్ముడికి ఉద్యోగం వస్తే వీధంతా స్వీట్లు పంచుతారు. అక్క గురించి మాత్రం "చదువులో చురుకే గానీ పైకి రాలేదు" అంటారు. ఇలాంటి ఇళ్లు తాండూరులో, వికారాబాద్‌లో కొన్ని కాదు. మీ ఊళ్లోనూ ఉంటాయి.

ఎవరైనా కాస్త మంచివాళ్లయితే "త్యాగమూర్తి" అంటారు. ఆ బిరుదంటే నాకు భయం. అది ఇచ్చేశాక ఇంకేమీ ఇవ్వనక్కర్లేదని అందరూ అనుకుంటారు. సైకిల్ జట్లలో డొమెస్టీక్‌కు జీతం ఉంటుంది. నాయకుడు గెలిచిన బహుమతి సొమ్ము జట్టులో పంచుకునే ఆనవాయితీ ఉంది. మైకు ముందు నాయకుడు వాళ్ల పేర్లు చెప్తాడు. పనివాళ్లని పేరు పెట్టినా లెక్క మాత్రం రాసుకున్నారు.

ప్రేమ ఉన్నచోట లెక్కలేంటని అడుగుతారు. మనం వేసుకునే చిట్టీలో స్నేహం లేదా? అయినా పుస్తకం రాస్తాం. నెలనెలా కడుతూ పోయి ఒక్కసారి కూడా చిట్టీ ఎత్తుకోని మనిషి ఉంటే, దాన్ని ప్రేమ అనం, మోసం అంటాం.

కాబట్టి నా మాట ఇది. ఇంట్లో ఒకరు ఇంకొకరి కోసం ఆగితే, ఎన్నేళ్లు ఆగాలో, తర్వాత వంతు ఎవరిదో అప్పుడే అందరి ముందూ అనుకోవాలి. తమ్ముడి మొదటి జీతంలోంచి అక్క బీఈడీ ఫీజు కట్టాలి. పెళ్లయిపోయింది కదా అంటే ఆ బాకీ తీరదు. ముప్పై ఐదేళ్లకైనా, నలభై ఐదేళ్లకైనా సరే. మీ ఇంట్లో ఎవరి చిట్టీ ఇంకా ఎత్తలేదో ఒకసారి పుస్తకం తీసి చూడండి.