యాంటీబాడీలు ఉన్నా హెచ్‌ఐవీ ఎందుకు లొంగదు? మాత్రలు ఆపితే జరిగేది ఇదే..

"యాంటీబాడీలు వచ్చేశాయి, ఇక భయం లేదు".. కరోనా టైమ్‌లో ఊరూరా వినిపించిన మాట ఇది. అదే మాట హెచ్‌ఐవీ దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా తిరగబడుతుంది. ఇక్కడ యాంటీబాడీలు కనిపించాయంటే రక్షణ దొరికినట్టు కాదు, వైరస్ ఒంట్లో ఉన్నట్టు. ఈ తేడా తెలియక మాత్రలు మధ్యలో ఆపేస్తే ప్రాణాల మీదకే వస్తుంది.

ఏపీలో ఇది చిన్న విషయమేమీ కాదు. నాకో 2021 అంచనాల ప్రకారం రాష్ట్రంలో సుమారు 3.2 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. దేశంలో మహారాష్ట్ర తర్వాత ఎక్కువ మంది ఉన్నది ఇక్కడే. విజయనగరం జిల్లా చీపురుపల్లి లాంటి చోట్ల మరో చిక్కు కూడా ఉంది. పనుల కోసం విశాఖ, హైదరాబాద్, చెన్నై రైలెక్కే కుటుంబాలు ఎక్కువ. ఊరు మారితే మందుల క్రమం తప్పే ప్రమాదం ఉంటుంది.

అసలు ఒంట్లో ఏం జరుగుతుంది?

వైరస్ సోకిన కొన్ని వారాలకే శరీరం దాని ప్రొటీన్లను గుర్తుపట్టి యాంటీబాడీలు తయారు చేస్తుంది. వీటిలో ముఖ్యమైనవి రెండు రకాలు. ఒకటి వైరస్ పైపొరలోని జీపీ120, జీపీ41 ప్రొటీన్ల మీద పనిచేసేది. రెండోది లోపలి పీ24 ప్రొటీన్ మీద పనిచేసేది. ఐసీటీసీ కేంద్రంలో చేసే పరీక్ష పట్టుకునేది ప్రధానంగా ఈ యాంటీబాడీలనే.

మరి ఇన్ని ఉన్నా వైరస్ ఎందుకు చావదు? కారణం దాని వేషాలే. పైపొర ప్రొటీన్ చుట్టూ చక్కెర అణువుల కవచం ఉంటుంది. పైగా రూపం ఎప్పటికప్పుడు మారిపోతూ ఉంటుంది. యాంటీబాడీ తయారై వచ్చేలోపు వైరస్ ఆ రూపాన్ని వదిలేసి ఇంకో రూపంలోకి వెళ్లిపోతుంది. పోలీసులు పాత ఫొటో పట్టుకుని దొంగ కోసం వెతికినట్టన్నమాట.

ఇంకో ఆసక్తికర విషయం.. జబ్బు ముదిరేకొద్దీ చాలామందిలో పీ24పై యాంటీబాడీలు తగ్గిపోతాయని పరిశోధకులు 1980ల్లోనే గమనించారు. పైపొరపై పనిచేసేవి మాత్రం చివరిదాకా ఉంటాయి. అంటే యాంటీబాడీలు ఉన్నంత మాత్రాన జబ్బు అదుపులో ఉన్నట్టు కాదు. మందుల్లేకుండానే వైరస్‌ను అణచిపెట్టగలిగేవాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరు. వాళ్లలోనూ ఎక్కువగా పనిచేసేది యాంటీబాడీలు కాదు, టీ కణాలు.

టీకా ఎంతవరకు వచ్చింది?

2009లో థాయ్‌లాండ్‌లో ఆర్‌వీ144 ట్రయల్ సుమారు 31 శాతం రక్షణ చూపింది. దాంతో ఆశలు పెరిగాయి. ఆ తర్వాత దక్షిణాఫ్రికాలో చేసిన ట్రయల్ 2020లో, మొజాయికో ట్రయల్ 2023లో ఫలితం లేక ఆగిపోయాయి. టీకా కానప్పటికీ, ఏడాదికి రెండే ఇంజెక్షన్లతో సోకకుండా ఆపే లెనకపవిర్‌కు 2025 జూన్‌లో అమెరికా ఆమోదం దక్కింది. దీని చౌక జనరిక్ తయారీకి ముందుకొచ్చిన కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటెరో కూడా ఉన్నాయి.

ఈ మూడు పొరపాట్లు వద్దు

ఒకటి.. మాత్రలు వాడుతున్నవాళ్లకు వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించకపోయినా యాంటీబాడీ పరీక్ష పాజిటివ్‌గానే వస్తుంది. "మందు పనిచేయట్లేదు" అనుకోకూడదు. అలాగని "వైరస్ కనిపించట్లేదు కదా, తగ్గిపోయింది" అని మానేయనూ కూడదు. వైరస్ కణాల్లో దాక్కుని ఉంటుంది. మాత్ర ఆపితే సాధారణంగా కొన్ని వారాల్లోనే మళ్లీ లేస్తుంది.

రెండు.. ప్రమాదం జరిగిన వెంటనే చేసిన పరీక్షలో నెగెటివ్ వస్తే ఊపిరి పీల్చుకోవద్దు. యాంటీబాడీలు రావడానికి టైమ్ పడుతుంది. మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలి.

మూడు.. హెచ్‌ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డలో తల్లి యాంటీబాడీలే 18 నెలల దాకా ఉండొచ్చు. ఆ వయసులో యాంటీబాడీ పాజిటివ్ వచ్చిందని బిడ్డకు సోకినట్టు తేల్చకూడదు. ఆరు వారాలప్పుడు చేసే పీసీఆర్ లాంటి పరీక్షలతోనే అసలు సంగతి తెలుస్తుంది.

ఊరు మారినా మందు ఆగొద్దు

దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్‌లో మొదలైంది. 2017 నుంచి సీడీ4 ఎంత ఉందన్న లెక్క లేకుండా పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరికీ మందు ఇస్తున్నారు. వలస వెళ్లేవాళ్లు ముందే తమ ఏఆర్‌టీ సెంటర్‌లో చెబితే, వెళ్లే ఊళ్లోని సెంటర్‌కు మార్పించుకునే వీలుంది. వివరాలు బయటపడతాయన్న భయమూ అక్కర్లేదు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం సాధారణంగా అనుమతి లేకుండా ఒకరి హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టకూడదు. సందేహాలుంటే 1097కు ఫోన్ చేయొచ్చు, ఆ కాల్ ఉచితం.

ఒక్క ముక్కలో చెప్పాలంటే.. హెచ్‌ఐవీ ఉందో లేదో చెప్పేది యాంటీబాడీ, దాన్ని అదుపులో పెట్టేది రోజూ వేసుకునే మాత్ర.