లక్షద్వీపాలూ, మన పినపాకా

2024 జనవరిలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ లక్షద్వీపాలను సందర్శించారు. ఆ సముద్రతీరపు ఛాయాచిత్రాలు దేశమంతటా ప్రచారమైన పిమ్మట అక్కడికి యాత్ర చేయవలెనన్న ఉత్సాహం మన యువకులలోనూ కనిపిస్తున్నది. ఆ ఉత్సాహం వెంటనే ఇంకొక ఆశ కూడ తలయెత్తింది: ఇప్పుడే అక్కడ కొంత స్థలం కొని ఉంచుకుంటే రేపు లక్షలు పలకదా? ఆ దీవులను చూడవచ్చునా, అక్కడ ఉండవచ్చునా, అక్కడి భూమిని కొనవచ్చునా అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. వీటికి సమాధానం వెదకడానికి అరేబియా సముద్రం దాకా పోనవసరం లేదు; మన పినపాకలో నిలబడి ఆలోచించినా చాలునని మా అభిప్రాయం.

మొదట ఆ దీవుల స్వరూపం గ్రహించాలి. కేరళ తీరానికి పడమట సముద్రంలో చెదరి ఉన్న 36 దీవుల మొత్తం వైశాల్యం 32 చదరపు కిలోమీటర్లు మాత్రమే. మన ఊరి నడుమ నిలబడి నాలుగు దిక్కులా మూడేసి కిలోమీటర్లు కొలిచి చతురస్రం గీస్తే అంతకంటె ఎక్కువ నేలే వస్తుంది. అందులో జనం నివసించేవి 10 దీవులు. 2011 జనగణన ప్రకారం జనసంఖ్య 64 వేల పైచిలుకు. పగడపు ఇసుకతో ఏర్పడిన ఆ నేల కింద, ఉప్పునీటి మీద తేలుతూ పలుచని మంచినీటి పొర ఉంటుంది. అవసరానికి మించి తోడితే బావిలోకి ఉప్పునీరు ఎక్కుతుంది. అందువలననే 2005లో కవరత్తిలో సముద్రజలాన్ని మంచినీరుగా మార్చే కర్మాగారాన్ని నెలకొల్పారు. అటువంటి చోట కొత్తగా వెలిసే ప్రతి విడిది గదీ ఎవరో ఒకరి కడవలోని నీటిలో వాటా అడుగుతుంది.

ఇక చూడడం సంగతి. కొచ్చి నుండి ఓడలో గాని, అగత్తికి విమానంలో గాని చేరవచ్చును. కాని భారత పౌరులకైనా ముందస్తు అనుమతి పత్రం ఉండాలి. 1967 నాటి నిబంధనలు ఈ విధంగా నిర్దేశించాయి. స్వదేశంలో తిరగడానికి అనుమతి యేమిటని కొందరు కోపగిస్తారు. ఇరుకైన ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లేవారు ముందుగా కబురు పంపడం మన పల్లెలలో మర్యాదే కదా! ఆ మర్యాదనే అక్కడ చట్టం చేశారు.

ఉండడం సంగతికి అండమాన్ దీవులు ఉదాహరణం. హైదరాబాదులో 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి బ్రిటిష్ రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అలాఉద్దీన్‌ను 1859లో అండమాన్‌కే పంపారు. ఆయన అక్కడే తుదిశ్వాస విడిచారు. ఆనాడు మనవారికి ఆ దీవి చెరసాల. తరువాతి కాలంలో శ్రీకాకుళం, విశాఖపట్టణం ప్రాంతాల నుండి మత్స్యకారులూ కూలీలూ వెళ్లి స్థిరపడ్డారు. 2011 జనగణనలో అక్కడి జనాభాలో సుమారు 13 శాతం తెలుగు మాతృభాషగా కలవారు. వల వేసి, బరువులు మోసి బ్రతికిన ఆ శ్రమజీవులను చూసి గర్వించవలసిందే. అయినప్పటికీ అదే అండమాన్‌లో జరావాలు మొదలైన ఆదివాసుల నేలలోకి పైవారెవ్వరూ అడుగు పెట్టకుండ 1956 నుండి ప్రత్యేక శాసనం కాపలా కాస్తున్నది. కష్టించి బ్రతకడానికి చోటున్నంత మాత్రాన ప్రతి నేలా మనదే కాబోదు.

ఇక కొనడం. లక్షద్వీపాలలో తామూ, తమ తల్లిదండ్రులిద్దరూ అక్కడే జన్మించిన స్థానికులను షెడ్యూల్డు తెగలుగా గుర్తించారు. జనాభాలో దాదాపు 95 శాతం వారే. నూటికి 96 మంది ముస్లిములు. వారి భూమి పైవారి చేతికి పోకుండ 1965 నాటి భూమి నిబంధనలు అడ్డుగా ఉన్నాయి. 2021లో అభివృద్ధి ప్రాధికార సంస్థ పేరిట ఒక ముసాయిదా వెలువడినప్పుడు, తమ ఇండ్లూ కొబ్బరితోటలూ పోతాయేమోనని ఆ ప్రజలు కలత చెందారు. జూన్ 7న ఎవరి ఇండ్లలో వారు కూర్చుని 12 గంటల నిరాహార దీక్ష పాటించారు. వారి పట్ల మనలో అనేకులు సానుభూతి చూపారు. అది న్యాయమే.

ఇప్పుడు మన ఇంటి వైపు చూద్దాము. పినపాక రాజ్యాంగంలోని 5వ షెడ్యూలుకు చెందిన ఏజెన్సీ ప్రాంతం. ఇది కోయల గడ్డ. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు 1963లో తెలంగాణకు వర్తించగా, 1970లో వచ్చిన సవరణను మనమందరం ‘1/70’ అని పిలుస్తున్నాము. దాని ప్రకారం ఏజెన్సీలోని భూమిని గిరిజనేతరుడు గిరిజనుని నుండే కాక, మరొక గిరిజనేతరుని నుండి కూడ కొనరాదు. చూడండి, విచిత్రం! ఏ సూత్రం అక్కడి ముస్లిమును రక్షిస్తున్నదో, అదే సూత్రం ఇక్కడి ముస్లిమును ఆపుతున్నది. అక్కడిదానికి జిందాబాద్ అని, ఇక్కడిదానిని ఎత్తివేయుమంటే, మనం అడుగుతున్నది ఇన్సాఫ్ కాదు, మన లాభం.

మనవారి ఇబ్బందిని మేము తక్కువ చేయడం లేదు. తునికాకు వ్యాపారమనీ, కుట్టుపని అనీ, లారీల మరమ్మతు అనీ వచ్చి తరతరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబాలు ఉన్నాయి. ఇంటికి పట్టా లేదు. పట్టా లేనిదే బ్యాంకు అప్పు పుట్టదు. బిడ్డ పెండ్లికి అమ్ముకుందామన్నా కొనే అధికారం మరొకనికి లేదు. ఈ బాధ నిజమైనది. కాని ఈ శాసనం ఊరికే రాలేదు. ఉప్పుకూ బట్టకూ చేసిన చిన్న అప్పు వడ్డీ మీద వడ్డీగా పెరిగి, చదువు రాని రైతు వ్రేలిముద్రతో ఎకరాలకు ఎకరాలు చేతులు మారిన చరిత్ర దాని వెనుక ఉన్నది. అందుకే 1988లో సుప్రీంకోర్టు ఈ శాసనాన్ని సమర్థించింది. 1997లో సమతా కేసు తీర్పులో, ఏజెన్సీ భూములను గిరిజనేతరుల గనులకు కౌలుకిచ్చే హక్కు ప్రభుత్వానికి సైతం లేదని తేల్చింది.

శాసనం ఉండగానే దానిని తప్పించుకునే త్రోవలూ పుట్టాయి. కాగితం మీద గిరిజనుని పేరు, గల్లాపెట్టె దగ్గర గిరిజనేతరుడు! ఇటువంటి బినామీ సంపద నిద్ర పట్టనీయదు. ఒక ఫిర్యాదుతో అంతా పోతుంది. అంతకు ముందే పొరుగువాని విశ్వాసం పోయి ఉంటుంది.

కావున విద్యార్థులకు మా సలహా ఇది. మన సంపదను మట్టిలో కాక చేతిపనిలో, చదువులో పెంచుకుందాము. అప్పు కావలెనన్నచో భూమి తాకట్టు లేకుండ వృత్తిని చూసి ఇచ్చే ఋణాల కొరకు ప్రయత్నిద్దాము. 2015లో ప్రారంభమైన ముద్రా ఋణాలు అటువంటివే. ఇండ్ల భద్రత గురించి ప్రభుత్వాన్ని అడుగదలచుకుంటే కోయ పెద్దలతో కలిసి, వారి సమ్మతితో అడుగుదాము.

కళాశాల కార్యవర్గం వారికి కూడ ఒక మనవి. విద్యార్థులను వీలైననాడు లక్షద్వీపాల యాత్రకు తీసుకొనిపోవలెను. ఆ యాత్రకు ముందు మన తరగతి గదిలో 1/70ని చదివించవలెను. చట్టం తెలిసి వెళ్లిన విద్యార్థి ఆ తీరాన గజం ధర అడుగడు. అక్కడివారు నీటిని ఎట్లు దాచుకుంటున్నారో, నేలను ఎట్లు నిలుపుకుంటున్నారో అడిగి తెలుసుకుంటాడు. ఆ సంగతులు పినపాకకు తెచ్చి మనకు చెప్పితే, ఆ యాత్రకైన ఖర్చు వృథా కాదని మా నమ్మకం.