వెనక కూర్చున్న తలకు ఏదీ హెల్మెట్?

సాగర్ రోడ్డు మీద షేరిగూడ, మంగళ్‌పల్లి చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు వరుసగా ఉన్నాయి. అక్కడి పిల్లల్లో చాలామందికి బైకే ఆధారం. అందుకే హెల్మెట్‌కు పదిహేను వేలు పెట్టాలా వద్దా అన్నది ఇబ్రహీంపట్నం ఇళ్లలో ఆలోచించాల్సిన విషయమే. పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం. తలకు సరిగ్గా పట్టే ఐఎస్ఐ ఫుల్‌ఫేస్ హెల్మెట్ ఒకటి కొని, మిగిలిన డబ్బుతో వెనక కూర్చునేవారికి ఇంకొకటి కొనాలి.

దెబ్బ తగిలినప్పుడు పైన మెరిసే పెంకుకు లోపల ఉన్న థర్మాకోల్ పొర నలిగి, తలకు చేరాల్సిన అదురును చాలావరకు తానే తీసుకుంటుంది. అది ఎంత ఆపాలో ఐఎస్ 4151 ప్రమాణం నిర్దేశిస్తుంది. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మడం చట్టవిరుద్ధం. ఐఎస్ఐ గుర్తున్న మామూలు హెల్మెట్ ధరకు మించి పెరిగే ధరలో ఎక్కువ భాగం కార్బన్ ఫైబర్ తేలికదనానికి, గాలి దారులకు, రంగులకు, కంపెనీ పేరుకు పోతుంది. బ్రిటన్ ప్రభుత్వం 2007 నుంచి ‘షార్ప్’ పేరుతో హెల్మెట్లను పరీక్షించి స్టార్లు ఇస్తోంది. అక్కడ చవకవాటికి ఐదు స్టార్లు వచ్చిన సందర్భాలూ, ఖరీదైనవి వెనకబడిన సందర్భాలూ ఉన్నాయి.

మే నెల ఎండలో బరువైనది పెట్టుకోలేం కదా అంటారు. నిజమే. గాలి ఆడక తీసి ట్యాంకు మీద పెట్టే హెల్మెట్ కంటే రోజూ తల మీద ఉండేది మేలు. అంతమాత్రానికి కొంచెం ఎక్కువ పెట్టడం దండగ కాదు. తల మెలితిరిగే దెబ్బను కూడా పరీక్షించే యూరప్ ప్రమాణం ఈసీఈ 22.06 మెరుగైనదే. హైవే మీద రోజూ దూరం వెళ్లేవారు దాన్ని చూసుకోవచ్చు. ఐఎస్ఐ గుర్తుకే నకిలీలు వస్తున్నాయన్న భయానికి విరుగుడు ధర కాదు. బిల్లు అడగాలి, గుర్తు కింది లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవాలి. పట్టీ బిగించకపోతే ఏ ధరదైనా ఊడిపోతుంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో హెల్మెట్ లేకుండా ప్రమాదాల్లో చనిపోయినవారు 50,029 మంది. అందులో 14,337 మంది బండి నడిపినవారు కాదు, వెనక కూర్చున్నవారు. అమ్మో, భార్యో, చెల్లెలో, స్నేహితుడో అయ్యుంటారు. ముందున్న తలకు పదిహేను వేలు పెట్టి, వెనకున్న తలను ఉత్తగా వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. కొత్త బండి కొనేటప్పుడు తయారీ కంపెనీ హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోనే ఉంది. దాన్ని అడిగి తీసుకుంటే, ఇంట్లోవాళ్లు కొనాల్సింది ఇంకొక్కటే.