మూడో రౌండులో తెలుస్తుంది

"సార్, జర పక్కకు జరుగుండ్రి!"

వెనక నుంచి ఈ కేక వినిపిస్తే జరగాలి. హన్మకొండలో మా ఇంటి దగ్గరి కాలేజీ గ్రౌండులో పొద్దున్నే నడిచేవాళ్లందరికీ తెలిసిన నియమమిది. 2022లో పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడిన తర్వాత ఆ కేకలు మరీ ఎక్కువయ్యాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కుర్రాళ్లు వచ్చి, ఒక్కో రూములో నలుగురైదుగురు సర్దుకుని, పొద్దున గ్రౌండు, పగలు పుస్తకాలుగా బతుకుతున్న రోజులు. నాకప్పుడు 52 ఏళ్లు. బ్యాంకు ఉద్యోగం, కాస్త బొజ్జ, నెమ్మదిగా పరుగెత్తే అలవాటు ఉన్నాయి.

జరగమన్న ప్రతిసారీ జరిగాను. ఒకరోజు మాత్రం ఎందుకో పౌరుషం వచ్చింది. జరగకుండా వాళ్లతో కలిసి పరుగందుకున్నాను. ఒక్క రౌండు పూర్తయ్యేసరికి గుండె చెవుల్లోకొచ్చి కూర్చుంది. కుర్రాళ్లేమో కబుర్లు చెప్పుకుంటూ నీళ్లు తాగుతున్నారు.

కానిస్టేబుల్ పరీక్షలో మగపిల్లలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలి. అందులో తప్పితే లాంగ్ జంప్, షాట్‌పుట్ దాకా వెళ్లే పనే లేదు. అంటే 400 మీటర్ల రౌండు ఒక్కోటి 108 సెకన్లకు కాస్త అటూ ఇటూగా నాలుగుసార్లు తిరగాలి. దాని కోసం వాళ్లు చేసే సాధన ఏమిటంటే, ఒక రౌండు గట్టిగా పరుగు, రెండు నిమిషాల విరామం, మళ్లీ రౌండు. ఇలా ఎనిమిది. వినడానికి తేలికే. నాలుగోదాని తర్వాత ఆ రెండు నిమిషాలు ఎవరో దొంగిలించినట్టు రెండు క్షణాల్లో అయిపోతాయి.

220లోంచి వయసు తీసేస్తే గుండె నిమిషానికి గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకుంటుందో సుమారుగా తెలుస్తుందంటారు. అందరికీ సరిగ్గా వర్తించదు కానీ ఓ అంచనా. ఆ లెక్కన నాకు 168, పక్కన పరుగెత్తే 23 ఏళ్ల కుర్రాడికి 197. పైగా ముప్ఫై దాటాక శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే శక్తి పదేళ్లకు సుమారు పదో వంతు తగ్గుతూ వస్తుంది. గట్టిగా సాధన చేసేవాళ్లలో ఆ తరుగుదల కొంత నెమ్మదిస్తుందట, అంతే. ఒకే వేగంతో వెళ్తున్నా అతనికి ఇంకా జేబులో డబ్బులుంటాయి. నేను అప్పటికే అప్పు చేస్తుంటాను.

ఇవన్నీ తర్వాత తెలుసుకున్న సంగతులు. అప్పట్లో నాది పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్న వరస. మూడో వారం, ఏడో రౌండు. కాళ్లు వద్దంటున్నా, మీసాలు సరిగా రాని పిల్లాడు నన్ను దాటిపోతుంటే ఊరుకోలేక లాగాను. కుడి పిక్కలో ఎవరో రాయితో కొట్టినట్టయింది. కుంటుకుంటూ ఇంటికొస్తే మా ఆవిడ వేడినీళ్లు పెట్టిస్తూ అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఇంతకీ మిమ్మల్ని ఏ స్టేషన్లో వేస్తామన్నారు?"

మూడు వారాలు మంచం, కుర్చీ. ముందే చేయాల్సిన పని అప్పుడు చేశాను. డాక్టరు దగ్గరికెళ్లి బీపీ, షుగరు చూపించుకుని, గుండెకు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకున్నాను. ఖాళీగా కూర్చుని కెనడా పెద్దాయన ఎడ్ విట్‌లాక్ గురించి చదివాను. 2004లో 73 ఏళ్ల వయసులో టొరంటో మారథాన్‌ను 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో పూర్తి చేశాడాయన. ఆయన సాధనేమో ఇంటి దగ్గరి శ్మశానంలో ఒంటరిగా, నెమ్మదిగా, గంటల తరబడి చుట్లు తిరగడం. కుర్రాళ్ల గొడవే లేదు. బాగానే ఉంది కానీ, సమాధుల మధ్య మూడు గంటలు తిరిగే ధైర్యం నాకు లేదు. నాకు మనుషులు కావాలి.

అందుకే మళ్లీ గ్రౌండుకే వెళ్లాను, ఈసారి బేరం కుదుర్చుకుని. ముందు ఇరవై నిమిషాలు మెల్లగా. గట్టి సాధన వారానికి రెండు రోజులే. వాళ్లు ఎనిమిది రౌండ్లు తిరిగితే నేను ఐదు. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. అసలు నన్ను పట్టించుకునే తీరిక వాళ్లకెక్కడిది?

వాళ్లలో ములుగు వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు. నాన్నకు రెండెకరాల పొలం. వయసు పరిమితి దగ్గర పడుతోంది, ఇది చివరి అవకాశమని అతని భయం. విజిల్ ఊదగానే బాణంలా పోయేవాడు. వాచీలో చూశాను. మొదటి రౌండు 85 సెకన్లు, రెండోది 102, మూడోది 127, నాలుగోది 124. మొత్తం 7 నిమిషాల 18 సెకన్లు. మూడు సెకన్లలో ఉద్యోగం పోయినట్టే. ప్రతిసారీ మూడో రౌండులోనే చేతులెత్తేస్తున్నాడు.

నాకు 85లో పరుగెత్తే శక్తి లేదు. లేదు కనకే 107లో తిరగడం అలవాటైంది. "రేపు రెండు రౌండ్లు నా వెనకనే రా బిడ్డా, దాటొద్దు" అన్నాను.

"గింత మెల్లగనా సార్?" అన్నాడు మర్నాడు సగం రౌండులోనే. జవాబు చెప్పేంత ఊపిరి నాకు లేదు.

అక్టోబరంతా అలాగే సాగింది. రెండు రౌండ్లు నేను ముందు, అతను వెనక. తర్వాత నేను పక్కకు తప్పుకునేవాణ్ని, అతను వెళ్లిపోయేవాడు. నవంబరులో ఒక ఆదివారం తప్పుకోలేదు. 107, 107. మూడో రౌండు మలుపులో అతను నన్ను దాటాడు. అప్పుడు తెలిసింది అతనికి రోజూ ఎలా ఉండేదో. తొడలు బరువెక్కి, నోరు ఎండిపోయి, ఆగిపోతే ఎవరేమంటారులే అని మనసు తీయగా నచ్చజెబుతుంది. నిజమే, ఎవరూ ఏమీ అనరు. నాకు ఉద్యోగం అక్కర్లేదు. ఆగితే పోయేదేమీ లేదు. అతని వీపు మీది చెమట మరకను చూస్తూ వెళ్లాను. అది చిన్నదవుతూ పోయింది.

అతను 6 నిమిషాల 51. నేను 7 నిమిషాల 21. ఆరు సెకన్లలో ఫెయిల్. గడ్డిలో వెల్లకిలా పడుకుంటే వచ్చి నీళ్లసీసా ఇచ్చి, "సార్, ఇంకో నెల టైముంది మీకు" అన్నాడు.

డిసెంబరులో పరీక్ష గ్రౌండు బయటి నుంచి ఫోను చేశాడు. వెనక గోలలో ఒక్క ముక్కే వినపడింది, "అయింది సార్". ఆ తర్వాత రాత పరీక్ష, ఎదురుచూపులు, కోర్టు కేసుల వార్తలు. అదంతా వేరే కథ. చివరికి ఉద్యోగంలో చేరాడు. పండక్కి వస్తే కనిపిస్తాడు. కాస్త లావయ్యాడు.

గ్రౌండులో ఇప్పుడు కొత్త పిల్లలు. మొన్న వెనక నుంచి కేక, "అంకుల్, పక్కకు!" సార్ కాస్తా అంకుల్ అయింది. జరిగాను. వాచీ నొక్కాను. మొదటి రౌండు 83.

మూడోది చూసి ఇంటికెళదామని గట్టు మీద కూర్చున్నాను.