వ్రాయని నియమములు

సాయంకాలము కాగానే చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ వాకిట జనసంచారము హెచ్చును. ఒకనాడు సంగీతము, ఒకనాడు నాటకము, వేరొకనాడు పుస్తకావిష్కరణము, మరియొకనాడు సాహిత్యచర్చ. దానికి అనతిదూరమున, అశోకనగరు చెంతనున్న నగర కేంద్ర గ్రంథాలయమున ఉద్యోగపరీక్షలకు సిద్ధమగుచున్న యువజనులు దినమంతయు పుస్తకముల ముందు కూర్చుండి, విసువు తోచినపుడు వెలుపలి టీకొట్టు కడ నిలిచి, రాజకీయము మొదలు వ్యాకరణము వరకు సమస్తమును చర్చింతురు. కాచిగూడ మొదలుకొని నారాయణగూడ వరకు గల ఈ పేటలలో మాటకు కొదవ లేదు. వినికిడికి మాత్రము కొదవ లేదని చెప్పుటకు ధైర్యము చాలదు.

సభ కొరకు ముద్రించు ఆహ్వానపత్రికపై అధ్యక్షుని పేరును, ముఖ్య అతిథి పేరును, వేళయు నుండును. సంఘములకు నియమావళి యుండును. సభకు కనీసము ఎందరు రావలెను, తీర్మానమును ఎవరు ప్రతిపాదింపవలెను, ఎవరు బలపరుపవలెను అను విషయములు అందు స్పష్టముగా వ్రాయబడును. కాని వక్త మాటాడుచుండగా ముందు వరుసవారు లేచిపోరాదనియు, తనకిచ్చిన పది నిమిషములను నలువదిగా సాగదీయుట తరువాతి వక్త సొత్తును హరించుటయే యనియు, ప్రశ్న యడుగ లేచినవాడు వేరొక ఉపన్యాసము నారంభింపరాదనియు, వాదమునకు బదులు వాది కులమును, ఊరును, యాసను తడవరాదనియు ఏ నియమావళియందును కానరాదు. ఇవి వ్రాయనక్కరలేనివని పెద్దలు తలంచిరి. వ్రాయనివి యగుటచేత, అవి భగ్నమైనపుడు ఫిర్యాదు చేయుటకు చోటు లేదు. శిక్షించుటకు అధికారి లేడు. సభ్యుల మనస్సాక్షియే వానికి కావలి.

వ్రాయని నియమము విలువ అది భగ్నమైననాడు తెలియును. ఇందుకు నిదర్శనము కొరకు దూరము పోనక్కరలేదు. కాచిగూడకు సమీపముననే యున్న వివేకవర్ధిని ప్రాంగణమున 1921 నవంబరులో సంఘసంస్కార మహాసభ జరిగెను. స్త్రీవిద్యకై జీవితమును ధారపోసిన ధోండో కేశవ కార్వేగారు అధ్యక్షులు. ఇంగ్లీషున, ఉర్దూన, మరాఠీన సాగిన ఉపన్యాసములను సభ్యులు ఓర్పుతో వినిరి. న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావుగారు లేచి తెలుగున మాటాడ నారంభింపగా మాత్రము సభలో పలువురు చప్పట్లు చరచి, కేకలు వేసి, ఆయన ప్రసంగమును సాగనీయరైరి.

ఆనాడు భగ్నమైన లిఖిత నియమమేది? ఒక్కటియు లేదు. తెలుగు మాటాడరాదను నిషేధమును లేదు. తెలుగు మాటాడినచో వినవలెనను శాసనమును లేదు. మెచ్చుకోలునకు చరచు చప్పట్లనే ఎగతాళికి చరచిరి, అంతియే. ఆ సభ సంఘసంస్కరణము కొరకు చేరినదనుట గమనింపదగిన విషయము. లోకములోని దురాచారములను తొలగింప సంకల్పించినవారు తమ నడుమ నిలిచిన తోటివాని భాషను కొంతసేపు సహింపలేకపోయిరి. ఉద్దేశము ఉదాత్తమైనంత మాత్రమున సభ ఉదాత్తము కాదు.

ఆ అవమానమునకు ప్రతిగా తెలుగువారు మరియొక సభను చెడగొట్టబూనలేదు. ఆ రాత్రియే కొందరు సమావేశమై ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు వారిలో ఒకరు. ఆ విత్తనమే మొలకెత్తి, 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన ప్రథమాంధ్ర మహాసభగా ఎదిగినది. 1928లో హనుమంతరావుగారు బాలికలకు తెలుగున చదువు చెప్పు పాఠశాలను నెలకొల్పిరి. ఆయన పేరిటి బాలికోన్నత పాఠశాలను నేటికిని నారాయణగూడలో చూడవచ్చును. ఉర్దూ మాధ్యమము ప్రబలి యుండిన ఆ దినములలో, తెలుగు మాధ్యమముననే చదివిన ఆ బాలికల పరీక్షలకు ఆశ్రయమిచ్చినది కార్వేగారు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమే! తెలుగు పలుకు చెల్లని సభకు అధ్యక్షత వహించిన మహనీయుని సంస్థయే తెలుగు చదువునకు గొడుగు పట్టినది. ఒక సభలోని అల్లరిని అధ్యక్షుని తలకు గాని, ఒక భాష మాటాడు వారందరి తలకు గాని చుట్టరాదని ఈ ఉదంతము చెప్పక చెప్పుచున్నది. ఇదియు వ్రాయని నియమములలో నొకటి.

చర్చయందు నొచ్చినవాడు ఎట్లు బదులు చెప్పవలెనో తెలుపు నిదర్శనము కూడ ఈ నగరముననే కలదు. నైజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని ఒక పండితుడు వ్రాసెను. ఆ మాట ఎందరినో నొప్పించినది. తిట్టుటకు తెలుగున పదములు తక్కువ కావు. కాని గోలకొండ పత్రికా సంపాదకులైన ప్రతాపరెడ్డిగారు తిట్టునకు పూనుకొనలేదు. ఊరూరి నుండి కవుల వివరములను, పద్యములను తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఆ సంచిక ఆ పండితుని నిందింపలేదు. ఆ వాక్యమును మాత్రము తుడిచిపెట్టినది. కోపముతో బదులు వ్రాసియుండినచో ఆ కాగితము ఆ వారమే చిరిగియుండును. సాక్ష్యముతో బదులిచ్చుటచేత తొంబది యేండ్లు గడచినను అది చరిత్రకారులకు ఆధారమై నిలిచినది.

ఇట్టి నియమములు మన పెద్దలకు కొత్తవి కావు. గౌతముని న్యాయసూత్రములు చర్చను మూడు విధములుగా విభజించినవి. సత్యము నెరుగుటకు చేయునది వాదము. గెలుపే పరమార్థముగా చేయునది జల్పము. తనకంటూ ఒక సిద్ధాంతము లేక ఎదుటివాని మాటను ఖండించుటయే పనిగా పెట్టుకొన్నది వితండము. వాదమున ఓటమికి గురుతులైన నిగ్రహస్థానములను ఆ శాస్త్రము ఇరువదిరెండుగా లెక్కించినది. ప్రస్తుత విషయమును విడిచి వేరొకదానికి పోవుట వానిలో నొకటి. చెప్పినదే చెప్పుట మరియొకటి. వీనికన్న ముఖ్యమైనది అననుభాషణము. ఎదుటివాడు మూడుమారులు చెప్పినదానిని, సభ గ్రహించినదానిని, తిరిగి చెప్పలేనివాడు ఓడినట్లే. ఖండింపవలెనన్న ముందుగా విని యుండవలెను, విన్నట్లు చూపవలెను. పూర్వపక్షమును చక్కగా చెప్పి గాని సిద్ధాంతమునకు పోరాదను శాస్త్రకారుల ఆచారమునకు ఇదియే మూలము.

ఓట్లలో ఓడినవాని మాటయు పదిలపరుపదగినదే యనుటకు గురజాడ అప్పారావుగారి అసమ్మతిపత్రము సాక్షి. విద్యార్థుల వ్యాసరచనకు వ్యావహారికమును అంగీకరింపవలెనా అను విషయమున మద్రాసు విశ్వవిద్యాలయమువారి సంఘమున అధికసంఖ్యాకులు ఆయన పక్షమున లేరు. ఆయన సంఘమును దూషించి వెడలిపోలేదు. తన వాదమును ఆధారములతో వ్రాసి 1914లో సమర్పించిరి. మరుసటి యేడే ఆయన కన్నుమూసిరి. ఆనాడు ఓడిన పక్షమే తరువాత బడిలోను, పత్రికలోను నిలిచినది. నేటి అల్పసంఖ్యాకుని మాటలో రేపటి సామాన్య సత్యము దాగియుండవచ్చునను ఎరుక గలవాడు ఎవరి నోటినైనను మూయింప సాహసింపడు.

ఇచట ఒక ఆక్షేపణకు తావు కలదు. మర్యాద యనునది బలవంతులు బలహీనుల నోరు మూయించుటకు పన్నిన ఉపాయము కాదా యని కొందరందురు. ఈ అనుమానము నిరాధారము కాదు. భారతము సభాపర్వమున ద్రౌపది యడిగిన ప్రశ్నకు పెద్దలు బదులు చెప్పలేకపోయిరి. అందరును మౌనము వహించియుండగా లేచి మాటాడినవాడు దుర్యోధనుని తమ్ముడైన వికర్ణుడు. అతనిని కర్ణుడు బాలుడవని గద్దించెను. పెద్దల యెదుట చిన్నవాడు నోరెత్తరాదనుటయే మర్యాద యైనచో ఆ సభలో మర్యాద నిండుగా నుండినది, లోపించినది ధర్మము. కావున వ్రాయని నియమములకెల్ల గీటురాయి ఒక్కటియే. ఆ నియమము ముందుగా ఎవరిని కట్టివేయుచున్నది? ఉన్నతాసనమున నున్నవానిని, గొంతు పెద్దదైనవానిని, సంఖ్యాబలము గలవానిని కట్టివేయునది మర్యాద. ఒంటరివానిని, క్రొత్తవానిని, పిన్నను మాత్రమే కట్టివేయునది అధికారము. రెంటికిని పేరు ఒకటే యైనను గుణము వేరు.

ఈ విచారణ యంతయు చివరకు బడి వాకిట వచ్చి నిలుచును. ఏలయన, వ్రాయని నియమములు పుస్తకమున చదివి నేర్చునవి కావు, చూచి నేర్చునవి. పల్లెనుండి వచ్చిన బాలుడు తరగతిలో లేచి తన యింటి యాసలో రెండు మాటలు చెప్పబోగా వెనుక బల్లనుండి నవ్వు వినవచ్చును. ఉపాధ్యాయుడు ఆ నవ్వును విననట్లూరకుండినచో, 1921 నాటి సభ ఆ తరగతి గదిలో మరల జరిగినట్లే. ఉపాధ్యాయుడు తానును నవ్వినచో చెప్పవలసిన పనియే లేదు. ఆనాడు అవమానితుడైన వక్త న్యాయవాది. ఆయనకు తోడుగా నిలువ మిత్రులుండిరి. ఆ రాత్రియే ఒక సంఘము పుట్టినది. ఈ బాలునికి అట్టివారెవరును లేరు. అతడు కూర్చుండును, మరల లేవడు. ఎగతాళికి గురియైన ప్రతివాడును సంఘమును స్థాపింపడు. పెక్కురు మౌనముగా ఇంటికి పోవుదురు. వారు చెప్పదలచినది ఏమో చరిత్రకును తెలియదు.

దీనికి చికిత్స కష్టసాధ్యము కాదు; ఖర్చుతో కూడినదియు కాదు. పాఠశాలలలో జరుగు వక్తృత్వపు పోటీలలో నేడు ధారకును, గొంతునకును మార్కులు కలవు. వినుటకు మార్కులు లేవు. ప్రతివాదము చేయబూనిన విద్యార్థి ముందుగా ఎదుటి పక్షము వాదమును తన మాటలలో చెప్పవలెననియు, ఎదుటివాడు ‘అవును, నేనన్నది అదియే’ యని యొప్పుకొన్న పిమ్మటనే ఖండనమునకు దిగవలెననియు ఏర్పాటు చేసినచో చాలును. నేడు ఒక పక్షమున వాదించినవానిని మరువారము రెండవ పక్షమున వాదింపజేయవచ్చును. విద్యార్థి మాటాడుచుండగా భాషాదోషమును నడుమ అందుకొని దిద్దక, మాట ముగిసిన తరువాత, నలుగురి యెదుట కాక ఒంటరిగా చెప్పవచ్చును. అన్నిటికన్న మిన్నగా, తాను పొరపడినపుడు ‘ఈ మాట నీవు చెప్పినదే సరి’ యని ఉపాధ్యాయుడు తరగతి యెదుట ఒక్కసారి యనగలిగినచో, నూరు నీతిపాఠములు చేయలేని పనిని ఆ ఒక్క వాక్యము చేయును.

విద్యార్థులకును ఇందు పాలు కలదు. నవ్వు పుట్టినచోట నవ్వక యుండుట, నవ్వువారి నడుమ నుండియు ‘చెప్పనిండు’ అని ఒక్క మాట యనుట పెద్ద సాహసము కాకపోవచ్చును. వివేకవర్ధిని సభలో ఆ కేకలను మించిన గొంతుతో ఆ ఒక్క మాట పలికినవారు పదిమంది యుండినచో, వేంకటరామారావుగారు తమ ప్రసంగమును ముగించి యుండెడివారు.

రేపటి సాయంకాలమును చిక్కడపల్లిలో సభ జరుగును. వేదికపై వక్తలుందురు, ఎదుట ఆసనములందు శ్రోతలుందురు. సభ ఘనత వేదికపై నున్నవారి పేర్లను బట్టి నిర్ణయింపబడునని ఆహ్వానపత్రిక చెప్పును. అన్నిటికన్న చివర లేచి, తడబడుచు, పరిచయము లేని యాసలో మాటాడు వానిని ఆ సభ ఎట్లు విన్నదో దానిని బట్టి నిర్ణయింపబడునని వ్రాయని నియమము చెప్పును.