నీలి ఆకుల సైకాడ్‌లు: విత్తనపు మొక్కలకే ప్రోత్సాహం

దక్షిణాఫ్రికా తూర్పు కేప్ ప్రాంతపు సైకాడ్ ఎన్‌సెఫలార్టాస్ హారిడస్ ఆకులకు నీలివర్ణాన్నిచ్చేది వాటిపైనున్న మైనపు పూత. నిండు ఎండ, నీరు నిలవని నేల ఉంటే ఇది ఉద్యానాలలో చక్కగా పెరుగుతుంది. అయితే ఎదుగుదల మిక్కిలి నెమ్మది. ఎదిగిన మొక్కకై తొందరపడేవారి వల్లనే సహజ ఆవాసాలలోని మొక్కలు పెకలింపునకు గురవుతున్నాయి. ఆడ, మగ మొక్కలు వేరువేరు కనుక, కొన్నింటిని తొలగించినా మిగిలినవాటిలో విత్తనోత్పత్తి కుంటుపడుతుంది. వన్యజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు మొదటి అనుబంధంలో ఈ ప్రజాతి యావత్తూ ఉన్నది. శేషాచల కొండలలోని సైకస్ బెడ్డోమీ కూడా అందులోనిదే; కాబట్టి ఈ సమస్య తెలుగు ప్రాంతానికి పరాయిది కాదు. విస్తరణ శాస్త్రవేత్తలు నాటే పద్ధతితోపాటు మొక్క ఎక్కడిదో కూడా విచారించి, నర్సరీలో విత్తనం నుండి పెంచిన మొక్కలనే సిఫారసు చేయడం సముచితం.